‘తొంభై శాతం పూర్తి’ అంటే ఏది పూర్తయినట్టు? విజయనగరం నగరపాలక లెక్కల్లోకి ఒక చూపు

నగరపాలక సంస్థ సమీక్ష జరిగిన మర్నాడు జిల్లా పేజీలో ఒక వాక్యం తప్పక కనిపిస్తుంది: ఫలానా పథకం పనులు తొంభై శాతం పూర్తయ్యాయి, మిగిలినవి త్వరలో పూర్తి చేస్తాం. అదే పేజీలో కొంచెం కిందికి వస్తే ఖాళీ బిందెలతో రోడ్డుమీద నిలబడ్డ మహిళల ఫొటో ఉంటుంది. చదివేవారు రెండింటిలో ఒకటి అబద్ధమని తేల్చేస్తారు. అధికారుల మీద నమ్మకం లేనివారు మొదటిది అబద్ధమంటారు, ఉన్నవారు రెండోది రాజకీయమంటారు. చాలాసార్లు రెండూ నిజమే. ఆ తొంభై శాతం దేనిలో తొంభై అన్నది వార్తలో ఉండదు, అంతే.

అంకగణితం పుస్తకంలో భిన్నానికి పైన లవం, కింద హారం ఉంటాయి. సమీక్షల్లో అందరూ లవం గురించే మాట్లాడతారు. ఎన్ని కిలోమీటర్ల గొట్టం వేశాం, ఎన్ని అర్జీలు పరిష్కరించాం, ఎన్ని కోట్లు వసూలు చేశాం. కింద ఉన్న అంకె ఏమిటో అడిగితే కథ మారిపోతుంది.

నగరం ఒకటే, లక్ష్యాలు నిర్ణయించేవారు నలుగురు

విజయనగరం పురపాలక సంఘం 1888లో ఏర్పడింది. 2015లో, శ్రీకాకుళంతోపాటు, నగరపాలక సంస్థ అయింది. ఆ హోదాలో తొలి ఎన్నికలు మాత్రం 2021 మార్చిలో గాని జరగలేదు. 50 డివిజన్లలో 48 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. కార్పొరేటర్లు తమలో ఒకరిని మేయరుగా ఎన్నుకుంటారు. విధానం, బడ్జెట్టు, తీర్మానం పాలకవర్గం పని. అమలు కమిషనరు పని, ఆయన రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి. ఈ పని విభజన 1955 నాటి హైదరాబాద్ నగరపాలక చట్టం నుంచి వచ్చింది. విజయనగరంలాంటి నగరాలకు 1994 చట్టం ద్వారా ఆ నియమాలే వర్తింపజేశారు.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరాలకు అప్పగించదగిన 18 పనులను పన్నెండో షెడ్యూలులో చేర్చింది. తాగునీరు, పారిశుధ్యం, వీధి దీపాలు, పార్కులు, జనన మరణ నమోదు, పట్టణ ప్రణాళిక అన్నీ అందులో ఉన్నాయి. ‘అప్పగించదగిన’ అన్న మాటను కాస్త ఒత్తి పలకాలి. అప్పగించాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. ఫలితంగా విజయనగరంలో కరెంటు ఈపీడీసీఎల్ చేతిలో, పెద్ద రోడ్లు కొన్ని రోడ్లు భవనాల శాఖ చేతిలో, మాస్టర్ ప్లాన్ విశాఖలో కార్యాలయమున్న ప్రాంతీయ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చేతిలో, నదీ జలాలు జలవనరుల శాఖ చేతిలో ఉన్నాయి. మూడు లాంతర్ల దగ్గర గొయ్యి పడితే జనం తిట్టేది కార్పొరేటరునే. ఆ రోడ్డు ఎవరిదో ఆయనకే ఒక్కోసారి కాగితం చూస్తే గాని తెలియదు.

లక్ష్యాలూ ఇలాగే పైనుంచి దిగుతాయి. తాగునీటికి కేంద్రం 2015లో మొదలుపెట్టిన అమృత్, 2021 అక్టోబరులో వచ్చిన అమృత్ రెండో దశ. చెత్తకు, మరుగుదొడ్లకు స్వచ్ఛ భారత్. వీటి మీద 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం విడుదల చేసిన స్వర్ణాంధ్ర 2047 దార్శనిక పత్రం, అందులోని పది సూత్రాలు, వాటికి అనుగుణంగా నియోజకవర్గాలవారీ ప్రణాళికలు. నియోజకవర్గం హద్దు, నగరం హద్దు ఒకటి కావు కాబట్టి ఒకే పనికి రెండు హారాలు అక్కడే పుడతాయి. వీటన్నిటి తర్వాత, అడుగున, నగరం సొంతంగా వేసుకునే వార్షిక బడ్జెట్టు.

దీనివల్ల వచ్చే చిక్కు మామూలుది కాదు. 2047 లక్ష్యంలో ఈ ఏడాది ఎంత సాధించామన్న ప్రశ్నకు నిజాయితీగల జవాబు చెప్పడం కష్టం. ఇరవై రెండేళ్ల పనికి ఏడాది మైలురాళ్లు పాతి ఉంటే తప్ప అందులో ఎంత నడిచామో తెలియదు. పైవాళ్లు అడిగినప్పుడు కొలవడానికి సులువైనదాన్నే కింది కార్యాలయం కొలిచి పంపుతుంది. గొట్టం పొడవు కొలవడం సులువు. గొట్టంలో నీటి ఒత్తిడి కొలవడం కష్టం.

ఒకే వీధి కుళాయిలకు నాలుగు శాతాలు

లెక్క కోసం ఒక వీధిని ఊహిద్దాం. 40 ఇళ్లు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గొట్టం వేశారు. పథకం నివేదికలో ఈ వీధి నూరు శాతం పూర్తి. అందులో 34 ఇళ్లవారు డిపాజిట్టు కట్టి కుళాయి వేయించుకున్నారు. కనెక్షన్ల లెక్కలో 85 శాతం. నీళ్లు వదిలినప్పుడు ధార సరిగా వచ్చేవి 27 ఇళ్లు. అంటే 67.5 శాతం. తలకు రోజుకు 135 లీటర్లు అందేవి 18 ఇళ్లే అనుకుంటే 45 శాతం. నాలుగూ ఒకే వీధి గురించి, ఒకే రోజున చెప్పగల నిజాలు. సమీక్షలో మొదటిది చెబుతారు, పత్రికకు ఎక్కేది నాలుగోది.

ఆ 135 ఎక్కడిదంటే, మురుగునీటి వ్యవస్థ ఉన్న లేదా రాబోయే పట్టణాలకు కేంద్ర నిపుణుల సంస్థ నిర్ణయించిన తలసరి ప్రమాణం అది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లో సేవా ప్రమాణాల పుస్తకమొకటి తెచ్చింది. నీరు, మురుగు, చెత్త, వాన కాలువ అనే నాలుగు రంగాలకు 28 సూచికలు. నీటి విషయంలో ప్రతి ఇంటికీ కుళాయి, తలకు 135 లీటర్లు, 24 గంటల సరఫరా, వృథా 20 శాతానికి మించకపోవడం, ఫిర్యాదుల్లో 80 శాతమైనా గడువులోగా తీరడం అందులోని గమ్యాలు. 24 గంటల సరఫరా మాట వింటే మన వాళ్లు నవ్వుతారు. నవ్వు సరే, ఆ గమ్యం పెట్టడానికి కారణం మాత్రం విలాసం కాదు.

రోజుకు గంటో గంటన్నరో నీళ్లు వదిలి ఆపేస్తే తక్కిన సమయమంతా గొట్టం ఖాళీగా ఉంటుంది. ఒత్తిడి పడిపోయిన గొట్టం, అతుకుల దగ్గర చిన్న పగులున్నా, చుట్టూ ఉన్న తడిని లోపలికి పీలుస్తుంది. చుట్టూ ఉన్నది మురుగు కాలువైతే పీల్చేది మురుగునే. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మొదట వచ్చే రంగు నీళ్లను మనం పారబోసేది అందుకే. దీనికి తోడు, నీళ్లు రాగానే వీధి మొదట్లో ఇళ్లవారు మోటార్లు బిగించి లాగితే చివరి ఇళ్లకు ధార తగ్గడమే కాదు, గొట్టంలో పీల్పు ఇంకా పెరుగుతుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్న నియమం ఈ ప్రమాదానికి వేసిన కాపు. 2024 అక్టోబరులో జిల్లాలోని గుర్లలో అతిసారం ప్రబలి మరణాలు సంభవించినప్పుడు చర్చంతా నీటి నాణ్యత చుట్టూనే తిరిగింది. గుర్ల పంచాయతీ, నగరం కాదు. అయినా గొట్టానికి ఆ తేడా తెలియదు.

ఇప్పుడు నగరం మొత్తానికి లెక్క. 2011 జనగణన ప్రకారం జనాభా సుమారు 2.28 లక్షలు. దాన్ని 135తో గుణిస్తే రోజుకు దాదాపు 3.08 కోట్ల లీటర్లు. ఇంజనీర్ల భాషలో 31 ఎంఎల్‌డీ (రోజుకు పది లక్షల లీటర్లయితే ఒక ఎంఎల్‌డీ). ఇది ఇళ్లకు చేరాల్సిన నీరు. దారిలో 20 శాతం పోతుందనుకుంటే శుద్ధి కేంద్రం నుంచి బయల్దేరాల్సింది 3.85 కోట్ల లీటర్లు. 40 శాతం పోయే పాత గొట్టాలైతే 5.13 కోట్లు. అంటే కొత్త నీటి వనరు వెతకడం, పాత గొట్టాల్లో కారడం ఆపడం అన్నవి లెక్కలో ఒకే పనికి రెండు దారులు. మొదటిదానికి శంకుస్థాపన ఫలకం ఉంటుంది. రెండోదానికి ఉండదు. ఏది ముందు జరుగుతుందో చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

విజయనగరానికి నీళ్లు ప్రధానంగా చంపావతి వైపు నెల్లిమర్ల, రామతీర్థం పథకాల నుంచి, ఇంకోవైపు ముషిడిపల్లి నుంచి వస్తాయి. వేసవిలో నది సన్నబడితే ఊట తగ్గుతుంది, వరదలో నీరు బురదవుతుంది, పంపుల దగ్గర కరెంటు పోతే ట్యాంకులు నిండవు. చంపావతి మీద తలపెట్టిన తారకరామ తీర్థసాగర్ లక్ష్యాల్లో విజయనగరం దాహం తీర్చడం ఒకటి. దాని పనులు దాదాపు రెండు దశాబ్దాలుగా సాగుతున్నాయి. అది జలవనరుల శాఖ పథకం. నగరపాలక సంస్థ తన నివేదికలో దాన్ని రాసుకోవడానికి లేదు, దాని ఆలస్యాన్ని మాత్రం భరించక తప్పదు. మరో సంగతి. ఇదే జిల్లా గంట్యాడ మండలంలో గోస్తనీ మీద ఉన్న తాటిపూడి జలాశయం ఎన్నో ఏళ్లుగా విశాఖకు తాగునీరు పంపుతోంది. విజయనగరంలో నీళ్ల చర్చ వేడెక్కినప్పుడల్లా ఎవరో ఒకరు తాటిపూడి పేరు ఎత్తుతారు. ఎత్తడం సహజం. విశాఖవాసుల వైపు నుంచి చూస్తే, ఆ జలాశయం కట్టిన 1960ల నుంచి నగరం దానిమీద ఆధారపడి పెరిగిందన్న వాదనా కొట్టిపారేయదగ్గది కాదు.

మంజూరు, విడుదల, ఖర్చు: కోటి రూపాయలు నడిచే దారి

‘మన నగరానికి తొంభై కోట్లు వచ్చాయి’ అన్న మాటలో ‘వచ్చాయి’ అన్న క్రియ అనుమానించదగ్గది. అమృత్ రెండో దశలో లక్ష నుంచి పది లక్షల లోపు జనాభా ఉన్న నగరానికి కేంద్రం ఇచ్చేది మూడో వంతు. ఉదాహరణకు 90 కోట్ల పథకమైతే 30 కోట్లు. మిగిలిన 60 కోట్లు రాష్ట్రం, నగరం కలిసి సమకూర్చుకోవాలి. కేంద్రం తన 30 కోట్లనూ ఒకేసారి ఇవ్వదు. 20, 40, 40 శాతాల చొప్పున మూడు విడతలు. మొదటి విడత 6 కోట్లు. కాబట్టి ఒకే రోజున ఒక నాయకుడు ‘తొంభై కోట్లు మంజూరు’ అని, ఇంకొకరు ‘కేంద్రం ఇచ్చింది ఆరు కోట్లే’ అని అంటే ఇద్దరినీ అబద్ధాలకోరులనలేం.

మంజూరైన పని కూడా నేరుగా వీధిలోకి రాదు. పరిపాలనా ఆమోదం, సాంకేతిక ఆమోదం, టెండరు, ఒప్పందం, పని అప్పగింత, పని జరిగాక ఇంజనీరు కొలతల పుస్తకంలో నమోదు, ఆపైన బిల్లు, ఆపైన చెల్లింపు. కార్యాలయంలో ‘ఎం-బుక్ అయిందా’ అని అడుగుతుంటారు చూడండి, అది ఈ కొలతల పుస్తకం గురించే. బిల్లు చెల్లింపు ఖజానా వరుసలో చిక్కుకుంటే గుత్తేదారు పని నెమ్మదిస్తాడు. తర్వాతి టెండరుకు ఎవరూ రాకపోవచ్చు. నివేదికలో ఇది ‘పురోగతిలో ఉంది’ అనే గడిలోనే ఏళ్ల తరబడి కూర్చుంటుంది.

ఆర్థిక సంఘం నిధులకు ఇంకో ముడి ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి విజయనగరంలాంటి నగరాలకిచ్చిన గ్రాంటులో 60 శాతానికి షరతు పెట్టింది. అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి, చెత్త నిర్వహణకు. మిగిలిన 40 శాతమే నగరం తన అవసరాన్ని బట్టి వాడుకోగలిగేది, అదీ జీతాలకు కాదు. షరతు మంచిదనేవారి మాట: పట్టు లేకపోతే డబ్బంతా సిమెంటు రోడ్లకూ స్వాగత ద్వారాలకూ పోతుంది. చెడ్డదనేవారి మాట: ఒక నగరానికి నీరుంది కాలువ లేదు, ఇంకోదానికి కాలువుంది నీరు లేదు, అందరికీ ఒకే కొలత చొక్కా కుడితే ఎలా? రెండో వాదనలో బలముంది. కాని స్వాగత ద్వారాలు లెక్కపెట్టినవారికి మొదటిదాన్ని కాదనడం కష్టం.

ఇంటిపన్ను: ఒకే ఏడాది వసూలు 100 శాతమా, 85 శాతమా, 56 శాతమా?

నగరం సొంత ఆదాయంలో ఆయువుపట్టు ఆస్తిపన్ను. దాని లెక్కను డీసీబీ అంటారు: డిమాండు, వసూలు, నిల్వ. ఒక ఊహా నగరం తీసుకుందాం. ఈ ఏడాది డిమాండు 20 కోట్లు, పాత బకాయి 16 కోట్లు, మొత్తం 36. ఏడాది చివరికి ఈ ఏటి పన్నులో 17 కోట్లు, పాత బకాయిలో 3 కోట్లు, మొత్తం 20 కోట్లు వచ్చాయి.

ఇప్పుడు వసూలు ఎంత శాతం? ఈ ఏటి డిమాండులో 17 వచ్చింది కాబట్టి 85 శాతం. మొత్తం 36లో 20 వచ్చింది కాబట్టి 56 శాతం. కాస్త చురుకైన అధికారి ‘డిమాండు 20 కోట్లు, వసూలు 20 కోట్లు, నూరు శాతం’ అని కూడా ఒక స్లైడు వేయగలడు. అది తప్పుడు లెక్క. బకాయి వసూలును ఈ ఏటి డిమాండుకు కలపకూడదు. అయినా వేదికమీద వినడానికి బాగుంటుంది. ఇంకో విశేషం చూడండి. కట్టనివి ఈ ఏటివి 3 కోట్లు, పాతవి 13 కోట్లు, కలిపి 16. ఏడాదంతా రెవెన్యూ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగినా బకాయి కొండ అంగుళం కూడా తరగలేదు.

ఆ కొండలో అందరూ అనుకునే మొండి బకాయిదారులే ఉండరు. ప్రభుత్వ కార్యాలయాల బకాయిలు, కోర్టులో ఉన్నవి, మూతపడ్డ కర్మాగారాలవి, ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంటు నంబర్లు పడి పేరుకుపోయినవి, యజమాని ఎక్కడున్నాడో తెలియని ఖాళీ స్థలాలవి కూడా ఉంటాయి. కొన్ని ఎప్పటికీ రావు. కాని కొట్టివేయాలంటే ఎవరో సంతకం పెట్టాలి, ఆ సంతకానికి ఆడిట్ భయం. అందుకని అవి ఏటా కొత్త రిజిస్టరులోకి పాత బంధువుల్లా వచ్చి కూర్చుంటాయి. ఆలస్యానికి నెలకు రెండు శాతం వడ్డీ చొప్పున అంకె పెరుగుతుంది. ఆపైన ఎప్పుడో ప్రభుత్వం వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది. సకాలంలో కట్టినవాడికి ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాదిది ఒకేసారి చెల్లిస్తే 5 శాతం రాయితీ. ఏళ్ల తరబడి కట్టనివాడికి వడ్డీ మాఫీ. ఇందులో తెలివైనవాడు ఎవరన్న ప్రశ్న వీధి అరుగులమీద చాలాసార్లు చర్చకు వచ్చిందే.

2021 ఏప్రిల్ నుంచి పన్ను వేసే పద్ధతి మారింది. అంతకుముందు ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చో దానిమీద పన్ను. ఇప్పుడు భూమి, కట్టడం రిజిస్ట్రేషన్ విలువమీద. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం, ఇతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం మధ్య రేటు. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా పెరుగుదల 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు. పాత పన్ను 2,000 రూపాయలు, కొత్త విలువ ప్రకారం రావాల్సింది 3,200 అనుకుంటే, మొదటి ఏడు 2,300, రెండో ఏడు 2,645, మూడో ఏడు సుమారు 3,042, నాలుగో ఏట 3,200 దగ్గర ఆగుతుంది. ఈలోగా రిజిస్ట్రేషన్ విలువలు పెంచితే ఆగాల్సిన గీత కూడా జరుగుతుంది. జనం ‘ఏటా పెంచుతూనే ఉన్నారు’ అనడం, అధికారులు ‘కొత్తగా ఏమీ పెంచలేదు, పాత నిర్ణయమే అమలవుతోంది’ అనడం రెండూ ఇందులోంచి వచ్చినవే.

సమర్థించేవారి ప్రకారం అద్దె అంచనా పద్ధతిలో సిబ్బంది విచక్షణ ఎక్కువ, పక్కపక్క ఇళ్లకే పొంతన లేని పన్నులు పడేవి. విలువ ఆధారమైతే పారదర్శకం. వ్యతిరేకించేవారి ప్రకారం ఇంటి విలువ పెరిగినంతమాత్రాన ఇంట్లో ఉన్నవారి ఆదాయం పెరగదు. కోట చుట్టుపక్కల తాతల నాటి పెంకుటింట్లో పింఛనుమీద బతికే వృద్ధ దంపతులకు తమ స్థలం ఖరీదు అమ్మినప్పుడే డబ్బు. పన్ను మాత్రం ఏటా డబ్బే. భోగాపురం విమానాశ్రయం వల్ల చుట్టుపట్ల భూముల ధరలు ఎగబాకుతున్న జిల్లాలో ఈ వాదన ఇంకా పదునెక్కుతుంది.

చెత్త బండి, ర్యాంకు, రుసుము

నగరాల పరిశుభ్రతకు కేంద్రం ఇచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకుల గురించి ఒకే మాట. ర్యాంకు పోలిక, మార్కు కొలత. నగరానికి మార్కులు పెరిగినా, పక్క నగరాలకు ఇంకా పెరిగితే ర్యాంకు పడుతుంది. ‘బహిరంగ మలవిసర్జన రహితం’ అన్న ముద్రలోనూ మెట్లున్నాయి. మొదటి మెట్టు ఎవరూ ఆరుబయటికి వెళ్లకపోవడం. రెండోది ప్రజా మరుగుదొడ్లు నీళ్లతో, తలుపులతో వాడదగినట్టు ఉండటం. మూడోది సెప్టిక్ ట్యాంకుల మలాన్ని చెరువులోనో కాలువలోనో పారబోయకుండా శుద్ధి చేయడం. చాలావరకు మురుగు తెరిచిన కాలువల్లోనే పారే నగరానికి ఈ మూడో మెట్టే అసలైన పరీక్ష.

రుసుము కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2021 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో ఇంటింటికీ చెత్త బండ్లు, వాటితోపాటు నెలవారీ వినియోగ రుసుము వచ్చాయి. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టారు, ఆ పేరుతోనే అది ఎన్నికల్లో ప్రచారాంశమైంది. 2024 చివర్లో రద్దయింది. రద్దుతో ఇళ్లకు నెలకు కొంత మిగిలింది. బండి డీజిలు, డ్రైవరు జీతం, కార్మికుల వేతనం ఖర్చు మాత్రం రద్దు కాలేదు. అది సాధారణ నిధిమీదో రాష్ట్రంమీదో పడుతుంది. సేవకు దాన్ని వాడేవారే చెల్లించాలన్నది ఒక సిద్ధాంతం. ఆస్తిపన్నులోనే పారిశుధ్యం భాగమై ఉండగా మళ్లీ రుసుము రెండోసారి పన్నేనన్నది ఇంకో సిద్ధాంతం. 2023 డిసెంబరు చివర, 2024 జనవరిలో రాష్ట్రమంతా పారిశుధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు కూడళ్లలో పేరుకున్న చెత్త ఏ నివేదికా చెప్పనిదాన్ని చెప్పింది. ఈ సేవకు యంత్రాలకన్నా మనుషులే ఆధారం, వారిలో అనేకులు పొరుగు సేవల కింద తక్కువ జీతానికి పనిచేసేవారు.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున ఇది కళ్లకు కడుతుంది. దసరా తర్వాతి మంగళవారం లక్షల మంది వచ్చి చేరే నగరానికి, ఆ ఒక్కరోజు నీరూ మరుగుదొడ్లూ చెత్త ఎత్తడమూ సొంత జనాభా లెక్కన కాదు, వచ్చినవారి లెక్కన కావాలి. తలసరి ప్రమాణాల పట్టికలో ఆ రోజుకు గడి లేదు.

అర్జీ ‘పరిష్కారమైంది’ అంటే

సోమవారాల ప్రజా సమస్యల పరిష్కార వేదిక, వార్డు సచివాలయం, 2025 జనవరిలో మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవలు కలిసి ఫిర్యాదు చేయడాన్ని సులభం చేశాయి. ఇది నిజమైన మార్పే. జనన ధ్రువపత్రానికో పన్ను చెల్లింపుకో వరుసలో నిలబడే పని తగ్గింది. ఇలాంటివి కాగితంతో మొదలై కాగితంతో ముగిసే సేవలు. అక్కడ ‘పరిష్కారం’ అన్న మాటకు ఒకే అర్థం: పత్రం చేతికొచ్చింది.

కాలువ పూడికకు ఆ సౌలభ్యం లేదు. ‘మీ అర్జీ సంబంధిత విభాగానికి పంపాం’ అన్నా కంప్యూటర్‌లో ముగిసినట్టే. ‘నిధులు రాగానే చేపడతాం’ అన్నా ముగిసినట్టే. పూడిక తీసినా ముగిసినట్టే. 100 అర్జీల్లో 95 పరిష్కారం అని చెప్పినప్పుడు, ఆ 95లో అర్జీదారు మళ్లీ తెరిపించినవి ఎన్నో తెలిస్తే ఆ అంకెకు బరువొస్తుంది. ఇంకో వింత ఉంది. ఫిర్యాదులు పెరగడం ఎప్పుడూ చెడు సూచన కాదు. చెప్పినా లాభం లేదని జనం విసిగిపోయిన వార్డులో ఫిర్యాదులు దాదాపు సున్నా ఉంటాయి.

పొరుగున శ్రీకాకుళం: పాలకవర్గమే లేని నగరపాలక సంస్థ

శ్రీకాకుళంలో చివరి పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. చుట్టుపక్కల పంచాయతీల విలీనం, దానిమీద వివాదాల మధ్య ఎన్నికలు ఆగిపోయాయి. 2014లో లేవు, 2021లోనూ లేవు. 2015లో నగరపాలక సంస్థ అయిన ఆ ఊరు ఆ హోదాలో అన్నేళ్లు గడిచినా మేయరు ముఖమే చూడలేదు. ప్రత్యేకాధికారి పాలనలోనే నడిచింది. రాజ్యాంగంలోని 243యు అధికరణం ప్రకారం పాలకవర్గం గడువు ఐదేళ్లు, అది ముగిసేలోగా ఎన్నిక జరగాలి. నియమం అంత స్పష్టంగా ఉంది.

దీనివల్ల పనులు ఆగిపోయాయా? ఆగలేదని చెప్పేవారికి ఆధారాలున్నాయి. అధికారి సంతకంతో నిర్ణయం త్వరగా జరుగుతుంది, వార్డువారీ పంపకాల బేరం ఉండదు. నష్టమనేవారూ ఆధారాలతోనే మాట్లాడతారు. 14వ ఆర్థిక సంఘం తన గ్రాంట్లు సక్రమంగా ఎన్నికై ఏర్పడిన సంస్థలకేనని చెప్పింది. డబ్బు పక్కనపెట్టినా, ఏడు రోడ్ల కూడలి దగ్గరి కాలువ గురించి బడ్జెట్టు సమావేశంలో లేచి అడగడానికి అక్కడ ఎవరూ లేరు. ప్రశ్న వినతిపత్రంగా మాత్రమే వెళ్లగలదు. ఎన్నికైన సభలో అడిగిన ప్రశ్న మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది, దానికి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. విజయనగరానికి 2021 నుంచి ఐదేళ్లకు అలాంటి సభ దక్కింది, నిజమే. 50లో 48 ఒకే పార్టీవైన సభలో ప్రశ్నలు ఎంత పదునుగా ఉంటాయన్నది వేరే చర్చ.

జనాభా అంకె మారినప్పుడు

ఇప్పటివరకు చెప్పిన తలసరి లెక్కలన్నిటికీ హారం 2011 జనాభా. తర్వాతి జనగణన 2021లో జరగాల్సింది, జరగలేదు. 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని కొత్త గణన తలపెట్టారు. 2011 తర్వాత నగరం అంచుల్లో లేఔట్లు వెలిశాయి, ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, అద్దె గదుల్లో విద్యార్థులు నిండారు. వీరెవరూ ప్రస్తుత హారంలో లేరు, అందరూ నీళ్లు తాగుతున్నారు.

నగరం రోజుకు 3.08 కోట్ల లీటర్లు ఇళ్లకు చేరుస్తోందని, కొత్త లెక్కలో జనాభా 2.8 లక్షలని తేలిందని అనుకుందాం. ముందురోజు దాకా తలకు 135 లీటర్లు, గమ్యం నూరు శాతం సాధించిన నగరం. మర్నాడు తలకు 110 లీటర్లు, 81 శాతం. పంపులు అవే, గొట్టాలు అవే, వీధి చివర ఇంట్లో ధారా అంతే.